సిల్వెస్త్రో వినిపించని ఆరో వైపు

మా పోర్తో వెల్మ ఊళ్ళో సిల్వెస్త్రో పెంజోకి ఉన్న జబ్బు ఒక్కటే. ఆరో వైపు వినిపించడు.

మూడు గ్రామఫోను ప్లేట్లు, ఆరు వైపులు. జాకొపో మరంగోన్ రాసిన వయొలిన్ కచేరీ అది. మరంగోన్ అంటే మా ఊళ్ళో పడవలకి తారు పూసేవాడి కొడుకు. మూడు నెలలు ఫాదరీగా ఉండి, పూజ మధ్యలో ఈల వేశాడని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తరవాత మావాళ్ళే ఊళ్ళోంచి తరిమేశారు. పరాయి ఊళ్ళో దిక్కులేకుండా పోయాక రెండు వందల ఏళ్ళకి గుర్తొచ్చి విగ్రహం పెట్టారు. మావాళ్ళ మంచితనం ఎప్పుడూ ఇలా ఆలస్యంగానే వస్తుంది.

మరంగోన్ పుట్టిన ఇంటికి కాపలాదారు సిల్వెస్త్రో, ఒకప్పుడు ప్లేట్ల కొట్టు నడిపినవాడు. పై గదిలో కాపురం, కింద గదిలో గ్రామఫోను. ఎవరొచ్చినా కూర్చోబెట్టి, ఒక్కో వైపుకీ కొత్త ముల్లు మార్చి, హ్యాండిలు తిప్పి, ఐదు వైపులు కళ్ళు మూసుకుని వినిపిస్తాడు. ఐదోది అవగానే టపీమని మూత వేసేస్తాడు.

“ఇంకో వైపు ఉండాలే బాబాయ్?”

“ముళ్ళు అయిపోయాయి.”

“ఆ డబ్బా నిండా ఉన్నాయిగా?”

“అవి తుప్పువి. అయినా వాన వచ్చేలా ఉంది, మీ పడవ వెళ్ళిపోతుంది.”

బయట ఎండ పేలిపోతూ ఉంటుంది. ఒకసారి స్ప్రింగుకి నీరసమన్నాడు. ఒకసారి పక్కింటి ముసలమ్మకి గుండె బాగాలేదన్నాడు. ఆ ముసలమ్మ పోయాక కూడా ఆరేళ్ళ దాకా ఆ సాకు నడిచింది. ఒకసారి జర్మనీ నుంచి ఒక ప్రొఫెసరు దీనికోసమే వస్తే, ఆయన్ని భుజం పట్టుకుని పడవ దాకా దిగబెట్టి, దారిపొడవునా వేయించిన చేపల మీద ఉపన్యాసం ఇచ్చాడు. పాపం ఆ ప్రొఫెసరు చేపల గురించే ఏదో వ్యాసం రాసుకున్నాడట.

మా ఊరి సంగతి తెలిస్తేగానీ ఇదంతా అర్థం కాదు. మా ఊళ్ళో సగంమంది పెంజోలు, సగంమంది బోస్కోలోలు. పేరు చెబితే పోస్టుమాను కూడా పోల్చుకోలేడు. అందుకని మనిషి ఒక్కసారి నోరుజారినా, కాలుజారినా, అదే పేరుగా తగిలిస్తారు. మునిమనవల దాకా వదలదు. మా తాత మందులకొట్టులో పొరపాటున బిషప్పుగారికి దగ్గుమందు బదులు విరేచనాల మందు ఇచ్చాడు. అంతే, నేను ఈనాటికీ ‘జులాబు’ పెంజోని. నా పెళ్ళి శుభలేఖ మీద కూడా అదే పడింది. సిల్వెస్త్రోని ‘ఐదువైపులు’ అనేవారు. వీధిలో పిలిస్తే తలెత్తి, టోపీ తీసి మరీ పలికేవాడు.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో మరంగోన్ పుట్టి మూడు వందల ఏళ్ళయిన పండగ వచ్చింది. కమిటీకి అధ్యక్షురాలు నెరీనా బోస్కోలో, వయొలిన్ టీచరు. ముప్పై ఒకటిలో ఆ ప్లేట్ల మీద వయొలిన్ వాయించింది ఈవిడే. అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఊరు మొత్తంలో ఏ పేరూ తగలని ఒకే ఒక్క మనిషి. పేరుగా తగిలించడానికి ఒక్క తప్పు లేకుండా బతికింది. మరంగోన్ పేరెత్తితే లేచి నిలబడుతుంది, మమ్మల్నీ నిలబెడుతుంది.

“పండగనాడు చర్చిలో ఆరు వైపులూ వినిపించాలి. రేడియోవాళ్ళు వస్తున్నారు,” అంది సమావేశంలో.

“ఐదు చాలవా టీచరుగారూ?” అన్నాడు సిల్వెస్త్రో.

“నా చేత్తో వాయించిన ముగింపు నేనే ఇంతవరకు వినలేదు. ఎన్నాళ్ళయ్యా నీ వేషాలు?”

“ఆ ప్లేటు బాగాలేదండీ. గీతలు.”

“అయితే గీతలే వింటాం. వినిపిస్తావా, ఇల్లు ఖాళీ చేస్తావా?”

సిల్వెస్త్రోకి ఆ ఇల్లు తప్ప దిక్కు లేదు. ఖాళీ చేస్తే అవతలి ఒడ్డున సన్యాసినుల వృద్ధాశ్రమం, ఎనిమిది మంచాల హాలు. అందరికీ తెలుసు. అయినా చేతులెత్తమంటే తొమ్మిది చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. దస్తూరి బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు, ఆ తీర్మానం నా చేత్తోనే గుండ్రంగా రాశాను. సిగ్గుపడ్డానా అంటే, అప్పుడు పడలేదు.

మర్నాడు ఇంట్లో సామాను జాబితా రాసుకోవడానికి వెళ్ళాను. సిల్వెస్త్రో చొక్కాలు మడతపెట్టుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“ఏం మనిషివి బాబాయ్! నువ్వు పోతే ఆవిడే ఆ ప్లేటు పెట్టుకుంటుంది. అది ఊరి సొత్తు. నీ మొండితనం దేనికి పనికొచ్చింది?”

సిల్వెస్త్రో చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకి తట్టినట్టు లేదు. చొక్కా పక్కన పెట్టి, తలుపు గడియ వేసి, మూడో ప్లేటు రెండో వైపు పెట్టాడు.

మరంగోన్ కొంటెవాడు. చివర్లో వాద్యాలన్నీ దబ్బున ఆపేసి, నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం పెట్టి, అయిపోయిందని లేవబోయేవాళ్ళని మళ్ళీ కూర్చోబెడతాడు. ఆ నిశ్శబ్దంలో, గరగరల మధ్య, ఇరవై మూడేళ్ళ నెరీనా గొంతు, మా పడవరేవు యాసలో:

“అమ్మయ్య! వదిలింది పీడ. ఈ మరంగోన్ గాడి గోల ఇంక చచ్చినా ముట్టుకోను!”

వెంటనే మిగతా వాద్యాలు అందుకున్నాయి. ఆ పిల్ల ఉలిక్కిపడి, ఒక్క క్షణం ఆలస్యంగా దూకి, ఆ భయంలోనే వాయించేసింది. ఏం వాయించిందని!

“ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున్నుంచి పదకొండుసార్లు వాయించింది. మతి పోయింది,” అన్నాడు సిల్వెస్త్రో. “తడబడ్డానని మళ్ళీ వాయించింది కూడా. పాట పట్టిన ఆ రెండో మైనపు పలక రైల్లో పగిలింది. ప్లేట్లు చేసే మిలానోవాళ్ళు ఈ మాట పడిన మొదటిదే అచ్చేశారు. మన యాస వాళ్ళకేం తెలుస్తుంది? వాయిద్యగాళ్ళంతా పాదువా ఊరివాళ్ళు, పక్కవాడిక్కూడా వినబడలేదు. మైకుకి వినబడింది.”

“నీ కొట్టుకేగా వచ్చాయి ఆ ప్లేట్ల పెట్టెలు?”

“వచ్చాయి. మూడో ప్లేట్లన్నీ తీసి మడుగులో పడేశాను. మూడోవి దారిలో పగిలి ఒక్కటే మిగిలిందని చెప్పి, రెండేసే అమ్మాను. ఆ మాట బయటికొస్తే ఆ పిల్లకి ఏం పేరు పడేదో, నీకు చెప్పాలా జులాబూ?”

“మరి ఈ ఒక్కటీ ఎందుకు ఉంచావు?”

“ఆ మాట తరవాత వాయించింది విన్నావుగా. పగలగొట్టడానికి చేతులు రాలేదు.”

ముప్పై ఏడేళ్ళు ఊరంతా ఈయన్ని వెర్రివాడన్నారు. నేనూ అన్నాను. నా చేతిలో జాబితా చూస్తే నాకే అసహ్యమేసింది.

పండగనాడు చర్చి కిటకిటలాడింది. ఇల్లు వదలకుండా, ఆరు వైపులూ తనే వినిపిస్తానని ఒప్పుకున్న సిల్వెస్త్రో కోటు వేసుకుని గ్రామఫోను పక్కన నిలబడ్డాడు. నా సంగతి చెప్పుకోదగ్గది కాదు. నశ్యం డబ్బా జేబులో పెట్టుకుని ముందువరసలో కూర్చున్నాను, ఆ క్షణానికి పెద్ద తుమ్ము తుమ్ముదామని. ఐదు వైపులు అయ్యాయి. ఆరోది పెట్టాడు. నేను రెండు పట్లు పీల్చాను. వాద్యాలు దబ్బున ఆగాయి. తుమ్ము రాలేదు. నా బతుకంతా అంతే, అవసరానికి ఏదీ రాదు.

“అమ్మయ్య!” అని అరిచాడు సిల్వెస్త్రో, చర్చి పైకప్పు ఎగిరిపోయేలా. “వదిలింది పీడ! ఈ మరంగోన్ గాడి గోల ఇంక చచ్చినా ముట్టుకోను!”

ప్లేటు మీద గొంతు ఆ అరుపు కింద పడి నలిగిపోయింది. తరవాత వయొలిన్ లేచింది, కానీ వినేవాడెవడు? ఊరంతా లేచి నిలబడింది. “సన్నాసి! ఇదా కడుపులో పెట్టుకున్నది?” “మరంగోన్ ఉప్పు తిని మరంగోన్‌నే తిడతాడా!” రేడియో మనిషి రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. మేయరు గుమ్మం వైపు వేలు చూపించాడు. సిల్వెస్త్రో టోపీ తీసుకున్నాడు.

నెరీనా టీచరు మాత్రం కదల్లేదు. గ్రామఫోను గొట్టానికి అందరికంటే దగ్గరగా కూర్చున్నది ఆవిడే. సొంత గొంతు ఏ అరుపు కిందున్నా మనిషికి తెలుస్తుంది. ముఖం తెల్లగా పాలిపోయి, తరవాత ఎర్రబడింది. ఆరో వైపు ఆఖరి దాకా, వయొలిన్ ఆగేదాకా, తలొంచుకుని విన్నది. అప్పుడు లేచింది.

“అధ్యక్షురాలుగారూ, వీణ్ణి ఇవాళే పంపించెయ్యాలి,” అన్నాడు మేయరు.

“ఎక్కడికి? ఆరు వైపులూ వినిపించాడుగా. ఇల్లు ఆయనదే.”

“మరి ఆ కూసిన కూత?”

నెరీనా టీచరు వెళ్ళి సిల్వెస్త్రో చేతిలోంచి టోపీ తీసుకుని, దులిపి, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది. తరవాత మా అందరివైపు తిరిగి, పాఠం చెప్పే గొంతుతో, రేడియో మైకులోకే అంది:

“అందులో అబద్ధమేముంది? పొద్దున్నుంచి పదకొండుసార్లు వాయించి చూడండి, మీకే తెలుస్తుంది!”