దర్జీ ఇంటి కొలత

అరవయ్యో దశకం మొదట్లో నెల్లూరులో కూర్చుని, రక్తం గడ్డకట్టే జబ్బు మీద పరిశోధన చేస్తున్నానంటే తోటి డాక్టర్లు నవ్వేవాళ్లు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా" అనేవారు. కాన్పయిన పది రోజులకు కాలు వాచి, ఉన్నట్టుండి ఆయాసం వచ్చి పోయిన ఆడవాళ్లను నేను ఎందరినో చూశాను. ఇళ్లలో దాన్ని వాతం అనుకుని ఆముదం కాచి మర్దన చేసేవాళ్లు. కాలి రక్తనాళంలో గడ్డ ఉందనీ, పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ గొంతు చించుకున్నా వినే నాథుడు లేడు.

పోనీ నా పరీక్షలైనా నా మాట వినేవా అంటే అదీ లేదు. గడ్డ కట్టకుండా మాత్రలిస్తే, ఆ మందు ఎంతవరకు పట్టిందో రోజు విడిచి రోజు చూడాలి. గాజు గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్లలో వంచుతూ, రక్తం ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో గడియారం చూసి లెక్కపెట్టాలి. అందులో కలిపే పొడిని కుందేలు మెదడుతో చేస్తారు. అది మద్రాసు నుంచి ఐసులో బయల్దేరి, మా స్టేషన్లో దిగేసరికి ఐసంతా నీళ్లయ్యేది. ఒకే రక్తానికి పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె. గొట్టాలన్నీ పెన్నలో పారేద్దామన్నంత విసుగొచ్చేది. చివరికి నేను నమ్మింది టేపు ఒక్కటే. రోజూ పిక్క చుట్టూ కొలిస్తే వాపు పెరుగుతోందో తరుగుతోందో తెలుస్తుంది.

కోవూరులో ఒక దర్జీ సాయిబు కూతురికి తొలికాన్పు పుట్టింట్లో అయింది. తొమ్మిదో రోజున ఎడమ కాలు వాచిందని ఆయనే సైకిల్ తొక్కుకుంటూ వచ్చి చెప్పాడు. ఆస్పత్రికి తీసుకురమ్మంటే నలభై రోజులు నిండందే గడప దాటించేది లేదన్నాడు. నర్సును వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. ఆ అమ్మాయి తెర వెనకే ఉంది. నర్సు లోపలికి వెళ్లి కాలు చూసి వచ్చి చెప్పింది. సందేహం లేదు, గడ్డే. రోజూ నర్సును పంపడం కుదరదు కాబట్టి కొలిచే పని ఆ అమ్మాయి తల్లికి అప్పగించాను. కొలతల్లో దర్జీ ఇంటివాళ్లను మించినవాళ్లెవరని లోలోపల మురిసిపోయాను కూడా.

మాత్రలిస్తూ తల్లితో చెప్పాను. "ఈ మందు పాలల్లోకి దిగుతుంది. వాపు తగ్గి మాత్రలు ఆపేదాకా బిడ్డకు పాలివ్వకూడదు."

"పాలు చేపుకొస్తుంటే పిండి పారబోయాల్నా?" అంది తల్లి. అవునన్నాను.

మర్నాటి నుంచి కొలత తగ్గసాగింది. నేను వెళ్లినప్పుడల్లా తల్లి అంకెలు చెప్పేది, నేను కార్డు మీద గీత కిందికి దించేవాణ్ణి. అన్నాళ్ల చాకిరీలో అంత అందమైన గీత ఎప్పుడూ రాలేదు. తెర సందులోంచి చాపిన చేతి నుంచి నేను తీసిన రక్తాన్ని పరీక్షిస్తే మాత్రం, మందు ఇంకా సరిగా పట్టలేదని తేలేది. పొడి పాడై ఉంటుందిలే అని దాన్ని కొట్టిపారేశాను. మాత్రలు మొదలైన ఎనిమిదో రోజున వాటిని ఆపించి, ఇక పాలివ్వొచ్చన్నాను.

రెండు రోజులకే ఆయాసంతో ఆ అమ్మాయిని జట్కాలో వేసుకుని ఆస్పత్రికి వచ్చారు. నర్సు టేపు పెట్టి చూస్తే కాలు మొదటి రోజుకంటే లావుగా ఉంది. తల్లిని నిలదీశాను.

"అదే అడిగిందయ్యా, టేపు బిగించి పట్టమని" అంది. "బిడ్డకు పాలివ్వాలని ఒకటే ఏడుపు. తట్టుకోలేక రోజుకింత బిగించినాను."

నాకు ఒళ్లు మండిపోయింది. మంచం చుట్టూ కట్టిన తెర దగ్గర నిలబడి ఆ అమ్మాయి మీద అరిచాను. "చేజేతులా ప్రాణం మీదికి తెచ్చుకున్నావు గదమ్మా. నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి?"

తెర లోపలి నుంచి ఎగశ్వాసతో మాట వచ్చింది. నేను ఆమె గొంతు వినడం అదే మొదలు.

"నాకెప్పుడు చెప్పినారు సార్? అమ్మకు చెప్పినారు. పాలల్లోకి మందు ఎంత దిగుతుందో అడగమ్మా అంటే అడగలేదు. ఎంత దిగుతుంది?"

నిజానికి నాకూ తెలియదు. దిగుతుందని చదివాను. ఎంతో నేను ఎన్నడూ చూడలేదు, చూడాలన్న ఆలోచనే రాలేదు. ఎందుకైనా మంచిదని వద్దన్నాను. అంతసేపు అరిచిన నోటితో ఆ మాట ఒప్పుకోలేకపోయాను. "ముందు విశ్రాంతి తీసుకో, రేపు చెబుతాను" అని, గడ్డ పెరగకుండా సూది వేయించి వచ్చేశాను.

తెల్లవారేలోగా మళ్లీ ఆయాసం వచ్చి ఆ అమ్మాయి చనిపోయింది. నేను వెళ్లేసరికి తల్లి వార్డు వరండాలో మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోపంగా చూస్తుందనుకున్నాను. ఆమె బిడ్డ మొహం మీద ఈగను తోలి, నెమ్మదిగా అడిగింది.

"రెండు రోజులు తల్లి పాలు తాగినాడయ్యా. వీడికేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదమ్మా" అన్నాను. అదీ నాకు తెలిసి చెప్పిన మాట కాదు.