నడిమధ్య కోసిన దుబ్బు

పదకొండేళ్ళుగా ఒక గడ్డి దుబ్బును మోస్తున్నాను. నెత్తిమీద మోపయితే ఎక్కడో ఒకచోట దించేదాన్ని. ఇది దిగదు. వినే మీరెవరో నాకు తెలియదు. జాలి మాత్రం పడొద్దు, నాకు ఒళ్ళు మండుతుంది.

బోగోలు దగ్గర, ఉప్పెక్కి వరి చచ్చిన నేలలో పరిశోధనకని ఒక మేడమ్ గడ్డి పెంచింది. మేతకు కాదు. ఎండబెట్టి ఫ్యాక్టరీ బాయిలర్లో కాల్చడానికి. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి మొలిచే గడ్డి. రకానికో దుబ్బు, దుబ్బుకో నంబరు బిళ్ళ. వరసగా మూడేళ్ళు కోసి తూచాలి. బరువు తగ్గని దుబ్బు పిలకలే ఊరికి పంచుతామంది. నేను కలుపు తీసే కూలిని. పోలయ్య కాపలా.

మూడో ఏటికి అన్నీ ఉప్పుకు ఎర్రబడ్డాయి. ఒక్క దుబ్బు మాత్రం నా తల దాటి పచ్చగా నిలిచింది. మేడమ్ వచ్చీరాగానే దాని దగ్గరికే పోయేది.

ఆ ఎండాకాలమే మా ఆయన పోయాడు. మిగిలింది సూడి గేదె. దానికి పరక లేదు. కళ్ళెదుట పచ్చగడ్డి, అది మంటల్లోకి! ఎవరి మీద నా కోపం? మేడమ్ మీదా? పోయిన మొగుడి మీదా? ఎవరి మీదయితేనేం, కొడవలి పట్టింది నేను. తూకానికి రెండు రోజుల ముందు, పోలయ్య అన్నానికి పోయినప్పుడు, దుబ్బును నడిమధ్య కోశాను. బయటికి నిండుగా కనబడాలని చుట్టూ వదిలేశాను. కోసినా మొలిచేదే కదా అనుకున్నాను. గడ్డి మొలుస్తుంది గానీ తూకం మొలవదని తెలియదా? తెలుసు. తెలిసే కోశాను.

తూకం రోజు మేడమ్ దుబ్బు విప్పి చూసి నిలబడిపోయింది. "ఎవరు చేశారక్కా ఈ పని?"

కొడవలి గుర్తు తెలియకుండా మోళ్ళను ముందే చేత్తో నలిపి ఉంచాను.

"పోలయ్య మేకలు మేడమ్. ఆయన యాపచెట్టు కింద నిద్రపోతా ఉంటే చూసేదెవురు?"

పోలయ్య నా వైపు తిరిగాడు. "అంచులు వదిలి నడిమధ్య మేసినాయా వదినా నా మేకలు? అంత తెలివుంటే వాటినే కాపలా పెట్టండి మేడమ్."

కూలీలు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. మొగుడు పోయిన ఆడది అబద్ధమాడదనుకుంది కాబోలు. ఆ రోజే అతన్ని తీసేసింది. తూకం తప్పిన దుబ్బు చేలో ఉండకూడదంట, నా చేతే పీకించింది. మరుసటేడు ఆ చేనే ఎత్తేశారు. మా నేల ఇప్పటికీ ఉప్పు పేరి తెల్లగా ఉంది.

గేదె ఈనింది. పాలు తాగాను. పోలయ్యకు నిద్రపోతని పేరుపడింది, మళ్ళీ ఎవరూ కాపలాకు పిలవలేదు. ఎదురైతే "గేదె బాగుండాదా వదినా?" అంటాడు. అంతే. ఒక్కసారి తిట్టకూడదా? అతని మంచితనం మీద నాకు కోపం. కాదు, ఇదీ అబద్ధమే. కోపం నా మీద.

నాకు సంతకం తప్ప రాదు. ఇది రాస్తున్నది పోలయ్య పెద్దకూతురు. కావాలనే పిలిచాను. వేరే ఎవరయినా అయితే మధ్యలో మాట మార్చేదాన్ని. ఇప్పుడు ఆమె పెన్ను ఆగింది. నా మొహం చూస్తోంది.

తిట్టేది తర్వాత తిట్టు. ముందు రాయి. మీ నాయన నిద్రపోలేదు. కొడవలి నాది.