నీ దిక్కు గుంజుకో బిడ్డా

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున దీపం పెట్టి లేస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, యూసుఫ్‌గూడ మేస్త్రీ గారు పోయారు" అన్నాడు. తర్వాత వాడే, "సుత్తి చేతిలోకి తీసుకుంటే ఇప్పటికీ ఆయనే గుర్తొస్తారక్కా" అన్నాడు. వాడా మాట ఎందుకన్నాడో చెప్పాలంటే తొంభైల మొదట్లోకి వెళ్లాలి.

నాన్నది చెక్క లేత్ పని, అంటే చెక్కను మిషన్ మీద గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కడం. సినిమావాళ్లు మద్రాసు నుంచి హైదరాబాదుకు వచ్చేస్తుంటే వాళ్ల వెనకే మేమూ వచ్చాం. కృష్ణానగర్‌లో ఒక రేకుల షెడ్డు, అందులో లేత్ మిషన్, వెనక రెండు గదులు. ఫిల్మ్‌నగర్ సెట్లకు కావలసిన మంచం కోళ్లు, స్తంభాలు అక్కడే తిప్పేవాళ్లం. నేను పెద్దదాన్ని. నాన్న పక్కన నిలబడి పని నేర్చుకున్నాను. నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాక మిషన్ నా చేతికి వచ్చింది.

ఆడపిల్ల లేత్ మీద నిలబడటమేంటని చాలామంది పని ఇవ్వడం మానేశారు. ఒక పౌరాణికం సెట్టుకు సింహాసనం కాళ్లు, పైన పెట్టే బుడిపెలు మాత్రం మాకు దక్కాయి. రేపటికి అందిస్తే ఇకముందూ పిలుస్తామన్నారు. అందించలేకపోతే ఆ పని వెళ్లేది ఈ మేస్త్రీ గారి దగ్గరికే. యూసుఫ్‌గూడలో ఆయనకూ లేత్ ఉండేది. మాకంటే పెద్ద పేరు.

బుడిపెలు అయ్యాయి. కాళ్లు తిప్పాలంటే, చెక్కను పట్టుకునే ఇనప చక్ విప్పి, దాని చోట పొడుగు చెక్కను గుచ్చి పట్టే మొన పెట్టాలి. చక్ కదల్లేదు. దాని లోపలి మరలూ, మిషన్ ఇరుసు మీది మరలూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. తమ్ముడు దానికి గొట్టం తగిలించి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకూ లోపల మంచం మీద నాన్న మొహం ముడుచుకుపోతోంది. ఇరుసు మరలు చితికితే ఆ మిషన్ ఇక పాత ఇనుమే. "సాయంత్రానికి రాకపోతే అమ్మేద్దామక్కా. నేనెక్కడైనా పనిలో చేరతాను" అన్నాడు తమ్ముడు. నేను వెళ్లి దేవుడి పటం ముందు కూర్చున్నాను. అమ్మ మాత్రం చెప్పులేసుకుని యూసుఫ్‌గూడ వైపు నడిచింది.

అమ్మ వెంట వచ్చిన మేస్త్రీ గారు మా షెడ్డు గుమ్మంలోనే ఆగారు.

"ఏంది తమ్మీ, దాంతోని ఏమన్న పగనా నీకు?"

"రావట్లేదండీ. పొద్దున్నించీ కొడుతున్నా."

"ఎటు దిక్కు కొడుతున్నవ్?"

తమ్ముడు చూపించాడు.

"గదే మరి. పొద్దుగాల సంది బిగిస్తనే ఉన్నవ్."

లోపల్నుంచి ఏదో చప్పుడొచ్చింది. నాన్న నవ్వుతున్నాడు. మాట పడిపోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మేస్త్రీ గారు సుత్తి తీసి బయట పెట్టారు. మరలు కలిసే చోట కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా పోసి, టీ అడిగి, చల్లారేదాకా తాగకుండా కూర్చున్నారు. ఆయన టీ ఎప్పుడూ అంతే. తర్వాత వేడినీళ్లలో ముంచిన గుడ్డ చక్ చుట్టూ చుట్టారు, ఇరుసుకు తగలకుండా. "పైది జర ఉబ్బుతది. లోపలిది ఉబ్బది. గంత సందు దొరికితే సాలు." బెల్టు చక్రం కదలకుండా చెక్క అడ్డం పెట్టి, చక్‌లో పొడుగాటి కర్ర బిగించి నన్ను పిలిచారు.

"నువ్వే తియ్యి. మిషన్ నీది."

నేను చేతులు జోడించబోతే నవ్వారు. "దేవునికి మొక్కు బిడ్డా, వద్దనలే. కని ఎటు తిప్పాలెనో సూసుకొని మొక్కు. కర్ర పైకొస పట్టి నీ దిక్కు గుంజుకో. నూకితే ఇంక బిగుస్తది."

రెండుసార్లు రాలేదు. మూడోసారి చిన్న చప్పుడయింది, టక్కుమని. అంతే. మిగతాది చేత్తోనే తిరిగి వచ్చేసింది.

మేస్త్రీ గారు నా దగ్గర దీపం వత్తి దారం అడిగి తీసుకుని, మరల్లో చిక్కిన చెక్కపొడి లాగుతూ నెమ్మదిగా అడిగారు.

"మోటర్ తిరుగుతుండంగనే ఎక్కించినవా?"

చేత్తో తిప్పి ఎక్కించాల్సిన చక్‌ని, తొందరలో, మోటారు వేసి ఎక్కించాను. అది దడాలున వెళ్లి బిగిసింది. ఎవరికీ చెప్పలేదు. తలూపాను.

"నేను గూడ ఒకసారి ఎక్కించిన. రెండోసారి ఎక్కియ్యలే" అని ఊరుకున్నారు. ఆయన నాన్నకు చెప్పలేదు. తమ్ముడికీ చెప్పలేదు. వాడు ఇన్నేళ్లూ తప్పు తన సుత్తిదే అనుకున్నాడు. తమ్ముడూ, ఇది చదివితే నన్ను క్షమించు.

వెళ్లేముందు ఆయన జేబులోంచి మడతపెట్టిన సినిమా పోస్టర్ తీసి, కత్తిరించి, మైనం రుద్ది ఉంగరంలా చేశారు. చక్‌కీ, అది వెళ్లి ఆనే ఇరుసు గట్టుకీ మధ్య ఈ ఉంగరం పెడితే ఇక పట్టేయదట. ఆయన పోస్టర్లు గోడల మీంచి తెచ్చేవారు, అదీ సినిమా హాల్లోంచి వెళ్లిపోయాకే. "ఆడుతుండంగ చింపితే వాళ్ల పొట్ట కొట్టినట్టు" అనేవారు.

అమ్మ ఉండబట్టలేక అడిగింది. "మీరు రాకపోతే ఆ పని మీకే వచ్చేది కదండీ?"

"వస్తే చేసేటోన్ని అమ్మా. కని గిట్ల రావొద్దు."

సింహాసనం కాళ్లు మర్నాడు ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కాయి. ఆ తర్వాత మాకు పనికి లోటు రాలేదు. ఎవరైనా ఆడపిల్ల పనేంటని అంటే ఆయనే జవాబిచ్చేవారు. "పట్టుకున్నది ఆడో మొగో చెక్కకు ఎరికైతదా?" మా మిషన్ చప్పుడు రోడ్డు మీద నిలబడి విని, బాగుంటే లోపలికి రాకుండానే వెళ్లిపోయేవారని అమ్మ చెప్పేది.

పదోనాడు వాళ్లింటికి వెళ్లాను. ఆయన మిషన్ మూడేళ్లుగా ఆగి ఉంది. మనవరాలు దాని దగ్గరే నిలబడింది. "అక్కా, తాత మిషన్ నేను నేర్సుకుంటా. చక్ విప్పుదామంటే బాబాయి సుత్తి తెస్తుండు" అంది. నిజంగానే వాళ్ల బాబాయి సుత్తితో వస్తున్నాడు.

"ఒక్క నిమిషం ఆగు నాయనా" అన్నాను. మనసులో దణ్ణం పెట్టుకుని, ఆ పిల్ల చేతులు తీసి చక్ మీద పెట్టాను. "నీ వైపుకు లాక్కో తల్లీ."

చక్ ఏ పట్టూ లేకుండా తిరిగి, ఆ పిల్ల చేతుల్లోకి వచ్చింది. లోపల ఇరుసు గట్టుకు ఆనుకుని పోస్టర్ ఉంగరం, మైనం మెరుపు ఇంకా పోలేదు. దాని మీద ఎవరో నటి కాటుక కన్ను, సగం.