ఇప్పనూనె తాగిన డైనమో

మా చిన్నప్పుడు... మా ఊరు మొత్తానికి మోటారు సైకిలు మా నాన్నకొక్కడికే ఉండేది. హుకుంపేట దాటి కొండెక్కితే మా ఊరు. ఎవరికి జ్వరం ముదిరినా, ఎవరికి నొప్పులొచ్చినా నాన్నే వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి దించేవాడు. అప్పటికే అది ముసలి బండి... మిషనరీ బడి మాస్టారు బదిలీ మీద వెళ్తూ ఇచ్చేసింది.

ఆ ఏడు వానల్లో దానికి జబ్బు చేసింది. లైటు మిణుకుమిణుకుమని ఆరిపోయేది... ఆ వెనకే బండీ ఆగిపోయేది. పాడేరు మెకానిక్కు బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేస్తే నాలుగు రోజులు వెలిగి అదీ చచ్చింది.

మా మావ ఊరుకోడుగా. “ఇనప సామానోడికి ఇచ్చీ బావా! ఎక్కడానికి కొన్నావా, తొయ్యడానికి కొన్నావా?” నాన్న కూడా విసిగిపోయి, వచ్చే సంతకి పంపేద్దామన్నాడు.

నాకు అన్నం దిగలేదు. అమ్మకు నెలలు నిండాయి. బండి పోతే అమ్మను ఎవరు దించుతారు? డోలీ కట్టి మోస్తే దారిలో గెడ్డ నీళ్లు పొంగితే? మోసేవాళ్ల కాలు జారితే?... పుట్టుకతోనే నాకన్నీ భయాలే.

బండి దగ్గరే కూర్చుని చూసేదాన్ని. లైటు మీద చిన్న గడియారంలాంటిది, అందులో ఒక ముల్లు. బాగున్న రోజుల్లో బండి రైజు చేస్తే ఆ ముల్లు కుడిపక్కకు ఎక్కేది... అంటే బ్యాటరీకి కరెంటెక్కుతున్నట్టని నాన్న చెప్పేవాడు. ఇప్పుడెంత రైజు చేసినా ఎడమకే వాలి ఉంది.

“నాన్నా, తప్పు బేటరీది కాదు. దానికి కూడెట్టేదే పెట్టట్లేదు.”

“మూడో కలాసు మానేసిన గుంట మెకానిక్కయిపోనాదిరా బాబూ!” మావ పగలబడి నవ్వాడు.

“నవ్వుకో మావా. నాన్నా, ఆ కూడెట్టేదాని మూత ఇప్పి సూడు... లేపోతే బండిని గుమ్మం దాటనివ్వను.” చక్రానికి అడ్డంగా కూర్చున్నాను.

నాన్న బ్యాటరీకి కరెంటు పంపే డైనమో మూత విప్పాడు. లోపలంతా నల్లటి జిగురు. వేలితో తీసి వాసన చూశాడు.

“ఇప్పనూనె! ఇందలకెలాగొచ్చినాది?”

పోసింది నేనే. వానాకాలం ముందు కొడవలికీ గొడ్డలికీ తుప్పు పట్టకుండా ఇప్పనూనె రాయడం మా ఇంట్లో అలవాటు. బండీ ఇనుమే కదా అని, భయంకొద్దీ మూత సందులోంచి గరిటెడు పోశాను...

“నానే పోసాను. కొడితే తరవాత కొట్టు. ముందు బేగి తుడిసీ.”

నాన్న కొట్టలేదు. పెట్రోలు గుడ్డతో తుడిచాడు. జిగురుకి బిగుసుకుపోయిన బొగ్గు ముక్కల్ని కదిలించాడు. అవి రాసుకునే రాగి చక్రాన్ని గరుకు కాగితంతో మెరిపించాడు. బ్యాటరీని పాడేరులో ఛార్జింగు పెట్టించి తెచ్చి, కిక్కు కొట్టి రైజు చేశాడు...

ముల్లు కుడిపక్కకు ఎక్కింది! నా అరుపుకి వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి. మావ మాత్రం చుట్ట ఆరిపోయిందని లోపలికెళ్లిపోయాడు.

ఐదో రోజున అమ్మ ఆ బండి మీదే ఆస్పత్రికి దిగింది. తమ్ముడు పుట్టాడు.

ఇప్పుడు అదే బండిని చూసి ఆ తమ్ముడే అంటున్నాడు... “ఛార్జింగెక్కట్లేదే అక్కా, తుక్కుకిచ్చేద్దాం.” ముల్లు చూశావా అంటే, చూడలేదట!

రోడ్లొచ్చాయి, అంబులెన్సులొచ్చాయి, ఇంటికో బండి వచ్చింది... మూత విప్పి చూసే ఓపికే పోయింది. అందుకే పొద్దున్నే మళ్లీ చక్రానికి అడ్డంగా కూర్చున్నాను. మోకాళ్ల నొప్పులు కదా, ఈసారి పీట వేసుకుని.

మీరు దేనికోసం ఇలా అడ్డం కూర్చున్నారో కింద కామెంట్లలో రాయండి... చదువుతూ ఇక్కడే ఉంటాను. వాడు మూత విప్పేదాకా లేవను.