ఆయన వరసలో జవాబు

తొంభైల్లో నేను ఖరగ్‌పూర్‌లో ఒక ప్రొఫెసరు దగ్గర టెక్నికల్ అసిస్టెంటుగా చేసేదాన్ని. రైలు వంతెనల ఊగుడు మీద ఆయన పరిశోధన. ఆయన రాసిచ్చిన సమీకరణాలను కంప్యూటరులో కొత్తగా వచ్చిన గణితం ప్రోగ్రాములోకి ఎక్కించడం నా పని. పైన ప్రశ్న టైపు చేస్తే దాని కిందే జవాబు వచ్చేది.

లెక్కలతో నాకెప్పుడూ పేచీ లేదు. పేచీ అంతా అవి తెర మీద కనిపించే తీరుతోనే. సమీకరణంలో ప్రొఫెసరుగారికి బరువుకు సంబంధించిన పదం ముందు రావాలి, స్ప్రింగుది తర్వాత. ప్రోగ్రాము అన్నిటినీ అక్షరక్రమంలో పేర్చేసేది.

"ఇలా ఎవరైనా రాస్తారా?" అని నామీద చిరాకుపడేవారు, ఆ వరస నేను పెట్టినట్టు.

అంకెల పట్టికల్లాంటి మాత్రికలైతే కామాలతో, బ్రాకెట్లతో ఒకటే బారుగా పడేవి. ఆయనకవి పుస్తకంలో ఉన్నట్టు గళ్ళుగా కావాలి. ఆయన ఇవ్వాల్సిన సెమినారు చూస్తే దగ్గర పడింది. మాన్యువల్ తిరగేసి గళ్ళుగా చూపించే ఆదేశం పట్టుకున్నాను. ఎంత చక్కగా వచ్చిందో! ఆ సంబరం తర్వాతి లైను దాకానే. ఆ మాత్రికకు విలోమం కనుక్కోమంటే ప్రోగ్రాము నా ప్రశ్ననే నాకు తిరిగి అప్పజెప్పింది. పేర్లు మార్చాను. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాను. అదే మొండితనం.

సాయంత్రం తాల్‌బగీచాలో ఇంటికొచ్చి సైకిలును విసురుగా గోడకు ఆనించాను. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మ అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది.

"ఏటయిందే? మిషను లెక్క తప్పు సెప్పిందా?"

"లెక్క బాగానే సేస్తందమ్మా. సార్‌కి కావలసినట్టు సూపించమంటేనే మొరాయిస్తంది."

"లెక్క సరిపోతే ఇంకేటి గొడవ? ఠీక్ హై అనుకోమను మీ సార్‌ని."

నాకు ఏడుపొచ్చినంత పనయింది.

మరునాడు మాన్యువల్లో ఓ మూల చిన్న అక్షరాల్లో కారణం కనిపించింది. నేను పేరు పెట్టి దాచింది మాత్రికకు కాదు, దాని ముస్తాబుకు. గళ్ళలో అమర్చిన రూపం చూసుకోవడానికే, లెక్కకు పనికిరాదు. మాత్రికను విడిగా దాచి, చూపించే ఆదేశం వేరే లైనులో ఇచ్చాను. కదిలింది. పదాల వరసకూ ఒక నియమం రాశాను.

తెర చూసి ప్రొఫెసరుగారు "దారుణ్!" అన్నారు. బెంగాలీలో అది మెచ్చుకోలు.

ప్రింటు తీస్తే గ్రీకు అక్షరాల చోటల్లా ఖాళీ పెట్టెలు పడ్డాయి. మా ప్రింటరుకు ఆ అక్షరాలు తెలియవట.

"పెన్నుతో రాసెయ్యమ్మా. దీనికింత హైరానా దేనికి?" అన్నారాయన తేలిగ్గా.

కాగితం చిరిగేంత గట్టిగా అదుముతూ పెట్టెలన్నీ నింపాను. సెమినారులో పదాల వరస గురించి ఎవరూ అడగలేదు. బయటికొస్తూ ఒకాయన మాత్రం, చేతిరాత ముచ్చటగా ఉందన్నారు.