టీవీకి అడ్డం బాబాయి

బాబాయికి ఒకటే జబ్బు. సినిమాలో ఎవరికైనా కష్టం రాబోతోందని వాసన తగిలితే చాలు, లేచి టీవీకి అడ్డంగా నిలబడతాడు. "వైరు లూజు!" అని అరుస్తూ పెట్టె నెత్తిన నాలుగు చరుస్తాడు. స్వయానా కరెంటు పనివాడు. అందరిళ్ళలో వైర్లు బిగించే మనిషి, సొంత టీవీ వైరు మాత్రం ఏళ్ళ తరబడి లూజనే చెప్పుకొచ్చాడు.

థియేటర్లోనూ ఓసారి లేచాడు. వెనకవాళ్ళు "కూర్చోవయ్యా!" అని గోల పెడితే, "వైరు లూజండీ" అన్నాడు. పక్క సీట్లో పిన్ని చేతిసంచి మొహానికి అడ్డం పెట్టుకుని, ఈయనెవరో తెలియనట్టు కూర్చుంది.

ఈ జబ్బు పుణ్యమా అని అన్న కూతురు పండు, తనకు ప్రాణమైన బొమ్మల సినిమాని చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసినా ముక్కలుగానే చూసింది. కొట్లో అమ్మే బొమ్మల్నే పాత్రలు చేసి తీసిన కార్టూన్ సినిమా అది. చెక్కగుర్రం దుకాణం అరలో ఉండేది. అంతలో బాబాయి లేచేవాడు. ఆయన కూర్చునేసరికి గుర్రం ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది.

ఇప్పుడు పండుకి సొంత కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆ సినిమా మళ్ళీ దొరికిందని బాబాయికి ఫోన్ చేసింది.

"ఆదివారం వచ్చెయ్ బాబాయ్, కలిసి చూద్దాం."



"మొత్తం చూస్తావా?"

"మొత్తమే."

"వైరు సరిగ్గా ఉందా?"

"వైరు లేదు బాబాయ్. గాల్లోంచి వస్తుంది."

"వైరు లేకుండా ఎలా వస్తుందే!" అన్నాడు బాబాయి కంగారుగా.

ఆదివారం పనిముట్ల సంచీతో సహా దిగాడు. కుర్చీ అంచున కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడు. పండు గబగబా దగ్గరికొచ్చింది.

"ఛాతీలో నొప్పా? డాక్టర్ని పిలవనా?"

"ఛాతీకేం, బ్రహ్మాండంగా ఉంది. సినిమా రేపు చూద్దామా?"

పండు సినిమా పెట్టేసింది. తెరమీదికి గుర్రం వచ్చింది. బాబాయి స్క్రూడ్రైవరు పట్టుకుని ఎగిరి లేచాడు. "వైరు లూజు!"

కానీ గోడ మీది టీవీ మంచమంత ఉంది. టీవీలు పెరిగాయి, పాపం బాబాయి పెరగలేదు. రెండు చేతులూ బారచాపినా చంకల కింద నుంచి సినిమా కనిపిస్తూనే ఉంది. గుర్రానికి ఒక కాలు వంకర. "కుంటిదాన్ని ఎవరు కొంటారు?" అని దుకాణదారు దాన్ని చెత్తబుట్టలో పడేశాడు.

పండు చెయ్యి తన మోకాలి మీదికి పోయింది. చిన్నప్పుడు ఆ కాలికి ఇనపకడ్డీల బూటు ఉండేది.

"ఇందుకా బాబాయ్?"

"నువ్వు చూడకు," అన్నాడు, చేతులు దించకుండా.

"తర్వాతేమైందో నీకు తెలుసా?"

"నాకేం తెలుసు? మొదటిసారి ఒక్కణ్ణే చూసి, ఇక్కడికే ఆపేశాను. ఆ తర్వాత ఎప్పుడూ నీ మొహం చూస్తూనే నిలబడ్డాను. పాపం ఆ గుర్రం ఏమైపోయిందో!"

"ఊరేగింపులో ఉంటుందిగా?"

"అది వేరే గుర్రం కదటే?"

పండు బాబాయి చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. తెరమీద చెత్తబుట్ట దొర్లింది. గుర్రం బయటికొచ్చి టకటకమంటూ కుంటుతూ నడిచింది. ఆ టకటకకే బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా అడుగు కలిపాయి. అలా మొదలైందన్నమాట ఆ ఊరేగింపు.

బాబాయి తెరిచిన నోరు మూయలేదు.

"అదే గుర్రమా?"

"అదే."

"ఇంతోటి దానికి నన్ను ఇన్నేళ్ళు నిలబెట్టారా వీళ్ళు!" అని విసుక్కుని, స్క్రూడ్రైవరు సంచీలో పడేసి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ మొదట్నుంచీ పెట్టవే. వైరు బాగానే ఉంది."