వంటక్క పోసిన పోలండు అట్లు

మా వంటక్క పోయింది. శుక్రవారం పొద్దున ఇంట్లోవాళ్ళు టిఫిన్లు తిని లేచాక ఫోను చూసుకుంటే, ఆమె కూతురు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. "నిన్న సాయంత్రం అమ్మకి గుండె ఆగిపాయె పిన్నీ. నీకు ముందు చెప్పాలనిపించింది." అంతే. సింకులో గిన్నెలు అలాగే వదిలేసి స్టూలు మీద కూర్చుండిపోయాను.

జెద్దాలో ఒక పోలండు ఇంజనీరుగారింట్లో మేమిద్దరం అయిదేళ్ళు కలిసి పనిచేశాం. ఆమె వంటకి, నేను పిల్లల్ని చూడటానికి. ఆమెది రాయచోటి పక్క పల్లె, నాది రాజోలు. ఇద్దరిదీ ఒకటే గది. మొదట్లో ఆమె మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, నా దీర్ఘాలు విని ఆమె నవ్వేది.

వంటింట్లో పెనాలన్నిటికీ పేర్లు పెట్టింది వంటక్క. గరిట తగిలితే గీతలు పడే నాన్‌స్టిక్ పెనం కొత్తకోడలు. బరువైన ఇనుప పెనం అత్త. "వేడెక్కడానికి గంట, చల్లారడానికి పూట. అచ్చం మా అత్తే" అనేది. పొయ్యి వెలిగించేటప్పుడు ఆ పెనంతో కాసేపు మంచిగా మాట్లాడేది కూడా.

ఆమె ఒక అబద్ధమాడి ఈ ఇంటికొచ్చింది. అంతకుముందు రియాద్‌లో ఉత్తరాదివాళ్ళింట్లో రొట్టెలు, పప్పు చేసిన మనిషి, ఏజెంటుతో యూరోపు వంట వచ్చని చెప్పింది. మూడు నెలలు చూసి, నచ్చకపోతే వెనక్కి పంపేస్తారు. రెండో నెలలో సార్ మేడమ్‌తో ఇంకో మనిషిని చూద్దామనడం నేను విన్నాను. వంటక్కకి చెప్పాను. "ఇకామా చేతికి రాకముందే పంపిస్తారేమో పాపా" అంది. ఇకామా అంటే ఈ దేశంలో ఉండి పనిచేసుకోడానికిచ్చే కార్డు. ఆ రోజు పెనంతో మాట్లాడలేదు.

అప్పుడే మేడమ్ వాళ్ళమ్మ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. భర్త పోయిన రెండు నెలలకి కూతురు పట్టుబట్టి తెచ్చుకుంది. గది దాటి వచ్చేది కాదు. టీ, రెండు బ్రెడ్డు ముక్కలు, అంతే. తొమ్మిదో రోజున మేడమ్ వంటింట్లోకొచ్చి, ఏడుపు ఆపుకుంటూ ఫోనులో ఒక ఫోటో చూపించింది. మూడు పలకలున్న గోధుమరంగు గింజలు. వాటి పిండితో వేసే అట్లంటే అమ్మకి ప్రాణమని, ఊళ్ళో ఏ సూపర్ మార్కెట్‌లోనూ ఆ పిండి దొరకలేదని చెప్పింది.

వంటక్క ఆ ఫోటో చాలాసేపు చూసింది. "ఇది కుట్టు గింజ కదా. రియాద్‌లో మా సేఠమ్మ ఒక్కపొద్దులకి దీంతోనే రొట్టె చేయించేది."

ఆ శుక్రవారం ఇద్దరం మనదేశం సరుకుల కొట్లుండే షరఫియా వెళ్ళాం. నాలుగో కొట్టులో, అటుకుల వెనకాల రెండు ప్యాకెట్లు దొరికాయి. ఇంటికొచ్చి చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా పిండి కలిపింది. దోసెలా పల్చగా తిప్పింది. అది లేవలేదు. అట్లకాడతో గోకితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. "తొలి దోసె పెనానిది" అంది. రెండోదీ, మూడోదీ పెనానివే అయ్యాయి. మాడిన వాసన ఇల్లంతా పాకింది.

ఆ వాసనకే పెద్దామె గదిలోంచి వచ్చింది. వంటింటి గుమ్మం తొక్కడం అదే మొదలు. గిన్నెలోకి తొంగిచూసి, తల అడ్డంగా ఊపి, వంటక్క చేతిలో గరిట లాగేసుకుంది. ఫ్రిజ్ తెరిచి లబన్ సీసా తీసింది. ఇక్కడ అన్నంలోకి మేము మజ్జిగలా వాడుకునేదే అది. పిండిలో లబన్ పోసి, గుడ్డు కొట్టి, ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి, మూతపెట్టి అరగంట ఆగమని గోడగడియారం చూపించింది. అన్నీ పోలండు భాషలోనే చెప్పింది. వంటక్క అన్నిటికీ తెలుగులోనే జవాబిచ్చింది.

"నువ్వు తెలుగులో చెబితే ఆవిడకెలా అర్థమవుద్దక్కా?" అన్నాను.

"ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదా?"

అరగంటయ్యాక పెద్దామె కొత్తకోడల్ని పక్కకి నెట్టి అత్తని పొయ్యిమీద పెట్టింది. వెన్న వేసి, అరచేతంత అట్లు మందంగా నాలుగు పోసింది. వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, ఉల్లిపాయలు, పైన ఒక చెంచా లబ్నె అనే గట్టి పెరుగు, తరిగిన సోయకూర. మొదటిది వంటక్క నోట్లో పెట్టి, తర్వాత తను నిలబడే మూడు తినేసింది. "దోబ్రె" అంది. బాగుందని అర్థమట. బయటినుంచి వచ్చిన మేడమ్ గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

మరుసటి నెల ఇకామా వచ్చింది. ఆ రోజే వంటక్క నన్ను పిలిచి, "నాకు యూరోపు వంట రాదని మేడమ్‌కి ఇంగ్లీషులో చెప్పు పాపా" అంది.

"గండం గడిచింది కదక్కా, ఇప్పుడెందుకు?"

"గడిచినాకనే చెప్పాల. ముందు చెప్తే బతిమాలినట్ల ఉంటాది."

నేను చెప్పాను. మేడమ్ నవ్వి, ఆ సంగతి మొదటి వారమే తెలిసిపోయిందని చెప్పింది. నేనది తెలుగులో చెప్పగానే వంటక్క ముఖం చూడాలి.

పెద్దామె ఆ చలికాలమంతా ఉంది. ఒకరోజు మేము మా అట్టుకి ఎర్రకారం పూసుకుని తింటుంటే తనకీ కావాలంది. తిని, కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, మళ్ళీ పళ్ళెం చాపింది. "ఆకలైనోళ్ళకి పేరు చెప్పేపని లేదు, పళ్ళెం చూపిస్తే చాలు" అని వంటక్క ఊరికే అనేది కాదు.

రెండేళ్ళ కిందట మోకాళ్ళు సహకరించక, ఆమె మళ్ళీ రాకుండా ఎగ్జిట్ వీసా వేయించుకుని ఊరికి వెళ్ళిపోయింది. వంట నా చేతికొచ్చింది. నేను పోసే అట్లు కాస్త పల్చగా వస్తాయి. ఎవరూ ఏమీ అనరు. అయితే ఆమె ఉన్న రోజుల్లోలా మాడిన ముక్కల కోసం పిల్లలు కొట్టుకోవడం మాత్రం లేదు.

మొన్న కబురు చెప్పగానే మేడమ్ పోలండుకి వీడియో కాల్ చేసింది. పెద్దామె విని, ఫోను పట్టుకునే వంటింట్లోకి నడిచింది. తర్వాత ఫోనుని గోడకి ఆనించి, పొయ్యి వెలిగించింది. మేం చూస్తూనే ఉన్నాం. అట్టు తిరగేసి, ఇంకా బాగా చూపించాలనేమో, పెనాన్ని ఫోను దగ్గరికి తెచ్చింది. ఆవిరి పట్టి అటువైపు ఆమె ముఖం మసకబారిపోయింది. ఇక్కడ మేడమ్ గిన్నెలు తుడిచే తువ్వాలు అందుకుని, మా ఫోను అద్దాన్ని తుడుస్తూ ఉంది.